పికప్ తొట్టిలో చెక్క అడ్డం పెట్టుకున్నా నేరమేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

వాహనాల మార్పుచేర్పులపై తనిఖీలు జరిగినప్పుడల్లా వచ్చే వార్తలు చదివితే, షోరూమ్ నుంచి తెచ్చిన బండికి ఏది తగిలించినా చట్టవిరుద్ధమే అన్న అభిప్రాయం కలుగుతోంది. తోట పనికీ ఇంటి ప్రయాణాలకూ ఒకే పికప్ వాడుకుంటున్న మామిడి రైతుగా, మనం చేత్తో చేసుకునే చిన్న ఏర్పాట్లు వేరు, చట్టం వద్దన్న మార్పులు వేరు అని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

2016లో ఇసుజు మన శ్రీసిటీలో కర్మాగారం తెరిచి డీ-మ్యాక్స్ వీ-క్రాస్ తయారీ మొదలుపెట్టాక, ఐదుగురు కూర్చునే క్యాబిన్, దాని వెనక తొట్టి ఉన్న మధ్యతరహా పికప్‌ను సొంత బండిగా కొనేవారు పెరిగారు. 2022లో టయోటా హైలక్స్ దానికి తోడైంది. లక్షలు పోసి కొన్నా వెనక వచ్చేది బోసి రేకు తొట్టే కాబట్టి, దాన్ని తన పనికి తగ్గట్టు అమర్చుకోవలసిన బాధ్యత కొన్నవాడిదే.

సుమారు 20 కిలోల కాయ పట్టే ప్లాస్టిక్ ట్రేలు నున్నటి రేకు మీద బ్రేకు వేసినప్పుడల్లా ముందుకూ, మలుపు తిరిగినప్పుడల్లా పక్కకూ జారతాయి. కాయ దెబ్బ తింటే మండీలో ధర తెగ్గోస్తారు. దీనికి మందు పశువుల కొట్టాల్లో పరిచే మందపాటి రబ్బరు మ్యాటు. దాన్ని తొట్టి కొలతకు కోసేటప్పుడు కింద చెక్క పెట్టి, గీత వెంట మ్యాటును కొద్దిగా వంచి పట్టుకుంటే కోత విచ్చుకుని మామూలు కత్తికే తేలికగా తెగుతుంది. తొట్టి మూలల్లో నీరు పోయే రంధ్రాల దగ్గర మాత్రం మ్యాటును కత్తిరించి వదలాలి, లేకపోతే దాని కింద నీరు నిలిచి రెండు వర్షాకాలాలకే రేకు తుప్పు పడుతుంది. వెనక చక్రాల మీది ఉబ్బుల మధ్య సరిగ్గా ఇరుక్కునేలా ఒక మందపాటి చెక్కను అడ్డంగా కోసి పెడితే, దానికి ముందు ట్రేలు, వెనక మోటారు సామాను వేసుకోవచ్చు. రేకుకు ఒక్క రంధ్రం కూడా పెట్టనక్కరలేదు, చెక్కను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడదీయవచ్చు. పనిముట్ల పెట్టెను క్యాబిన్ గోడకు ఆనించి కట్టడం మేలు, ఎందుకంటే బరువు వెనక ఇరుసు దాటి చివరకు చేరితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగు తేలిపోతుంది.

రాత్రి వేళ సరుకు దించడానికి తొట్టిలో ఒక ఎల్‌ఈడీ పట్టీ చాలు. చాలామంది వెనక లైటు వైరును గీకి దానికే కలిపేస్తారు. కలిపిన చోట తేమ చేరితే వైరింగు పాడవుతుంది, ఆ భాగానికి వారంటీ కూడా అడగలేం. ఫ్యూజు పెట్టె నుంచి విడిగా చిన్న ఫ్యూజుతో కనెక్షన్ తీసుకుని, వైరును గొట్టంలోంచి నడిపి, రేకు దాటే ప్రతిచోటా రబ్బరు వాషరు వేస్తే ఆ బెడద ఉండదు. సీటు కవర్లు ఎవరైనా తొడగవచ్చుగానీ, సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న మోడళ్లలో ఆ వైపు కుట్టు తెరిచి ఉన్నవే కొనాలి.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. ముందు భాగాన బిగించే ఇనుప బుల్‌బార్‌లపై చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. గుద్దినప్పుడు నలిగి దెబ్బను తీసుకోవలసిన ముందు భాగాన్ని అవి నలగనివ్వవు, పాదచారికి తగిలితే ప్రాణాంతకమవుతాయి. ఎక్కువ బరువు వేయడానికి కమాను పట్టీలు పెంచేవారినీ, ఎదుటివారి కళ్లు జిగేల్‌మనే లైట్లు బిగించేవారినీ నేను సమర్థించను. అవి సొగసు కోసమో, అత్యాశ కోసమో చేసే పనులు.

కానీ రబ్బరు మ్యాటు, అడ్డచెక్క, తాళ్లు కట్టే కొక్కేలు విప్పేస్తే బండి కంపెనీ ఇచ్చినట్టే ఉంటుంది, పత్రంలోని ఏ వివరమూ మారదు. అయినా తనిఖీలో ఒక ఉద్యోగి తొట్టిలోని చెక్కను చూపించి ఇదీ మార్పేనని వాదించారు. అదే వరుసలో మా ముందున్న బండి బుల్‌బార్‌తోనే సాగిపోయింది! నియమం ఏమిటో రోడ్డు మీద నిలబడినవారికే తెలియకపోతే, జరిమానా ఎవరికి పడాలన్నది ఆ రోజు ఎదురైన మనిషిని బట్టి తేలుతుంది.

కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు సొంత పికప్‌లలో విప్పదీయగలిగే ఏ అమరికలకు అనుమతి అక్కరలేదో, వేటికి ముందుగా దరఖాస్తు చేయాలో, వేటిని అసలే ఒప్పుకోరో తెలుగులో ఒక్క పేజీలో ప్రకటించి, దాని ప్రతిని తనిఖీ సిబ్బందికీ అందజేయాలని కోరుతున్నాను. ముఖ్యంగా తొట్టి మీద బిగించే గట్టి పైకప్పు ఏ కోవలోకి వస్తుందో తేల్చాలి, ఎందుకంటే దుకాణదారులు నిర్భయంగా అమ్ముతున్నారు, కొన్నవారు తనిఖీల్లో సంజాయిషీ చెప్పుకుంటున్నారు. బీమా కంపెనీలు కూడా ఇలాంటి అమరికల్లో పాలసీలో రాయించుకోవలసినవి ఏవో రెన్యువల్ సమయంలోనే తెలియజేస్తే, ప్రమాదం తరువాత క్లెయిము దగ్గర తగాదాలు తగ్గుతాయి.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
నూజివీడు