మీ ఫౌండేషన్ షేడ్ నంబర్లపై ఫిర్యాదు: ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు

హనుమకొండ

కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: లిక్విడ్ ఫౌండేషన్ చామనఛాయ షేడ్లు ఆరాక రంగు మారడం, ఒకే నంబరు బ్యాచ్‌కో రంగులో రావడం, షేడ్ ఎంచుకోవడానికి మీరిస్తున్న తప్పుడు సూచనలు.

అయ్యా/అమ్మా,

హనుమకొండ, కాజీపేట, వరంగల్, పరకాల వైపు పెళ్లి మేకప్‌లు చేసే బ్యూటీషియన్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. మీ 30 మి.లీ. పంపు సీసా ఫౌండేషన్ మా అందరి కిట్లలోనూ ఉంది. జిడ్డు చర్మం మీద బాగా నిలబడుతుంది, కాదనం. గొడవంతా రంగుతోనే. ఫోన్ చేస్తే మీ కాల్ సెంటర్ వాళ్లు "షేడ్ మీరే తప్పుగా ఎంచుకున్నారు, ఒక నంబరు తక్కువది, అంటే ఇంకాస్త తేటది వాడండి" అని పెట్టేస్తున్నారు. ఎంచుకోవడంలో తప్పు లేదు. మీ నంబర్లు సీసాలో కనిపించే రంగును బట్టి ఇచ్చినవి, చర్మం మీద ఆరాక మిగిలే రంగును బట్టి కాదు. అసలు ఫిర్యాదు ఇదే.

నాలుగు, అయిదు, ఆరు నంబర్లు తీసుకోండి. మా దగ్గర చామనఛాయ వాళ్లకు ఎక్కువగా పడేవి ఇవే. పూసిన వెంటనే దవడ అంచున చక్కగా కలిసిపోతాయి. పావుగంట, 20 నిమిషాలు గడిచేసరికి దాదాపు ఒక షేడు ముదిరి నారింజ రంగుకు తిరుగుతాయి. అందరూ దీన్ని ఆక్సిడేషన్ అంటారు గానీ, రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్లు సీసాలోకి వచ్చేటప్పటికే ఆక్సైడ్లు. ముఖం మీద కొత్తగా తుప్పు పట్టేదేమీ లేదు. మీ పదార్థాల పట్టీలో నీళ్ల తర్వాత రెండో పేరు సైక్లోపెంటాసిలోక్సేన్. అది ఆవిరయ్యే సిలికాన్. అది ఎగిరిపోగానే మిగిలిన పిగ్మెంట్ (రంగు పొడి) చిక్కబడుతుంది. ఆ పైన చర్మంలోంచి ఊరే నూనె ఆ పిగ్మెంట్‌లోకి దిగుతుంది. పొడిమట్టి తడిస్తే ముదురుగా కనిపించినట్టే ఇదీ. పిగ్మెంట్ రేణువులకు నూనె, నీరు అంటకుండా పూత వేసి వాడితే ఈ మార్పు చాలావరకు తగ్గుతుందని మీ ల్యాబ్‌లో వాళ్లకు మేం చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మెడ సంగతి వస్తుంది. నుదురు, ముక్కు, బుగ్గల మీద నూనె గ్రంథులు ఎక్కువ, మెడ మీద తక్కువ. అందుకే అదే ఫౌండేషన్ రెండు చోట్లా పూసినా ముఖం మీద ముదురుతుంది, మెడ మీద అంతగా ముదరదు. వైశాఖ మాసం లగ్గాల్లో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని ఫంక్షన్ హాల్లో హోమం ముందు కూర్చున్న పెళ్లికూతురికి తలంబ్రాల వేళకే గడ్డం కింద గీత గీసినట్టు తేడా తెలిసిపోతుంది.

మీరు చెప్పే "ఒక నంబరు తక్కువ" చిట్కా ఇంకా చెరుపు చేస్తుంది. తక్కువ నంబరులో టైటానియం డయాక్సైడ్ పాళ్లు ఎక్కువ. పెదాల చుట్టూ, నుదుటి అంచున సహజంగా ముదురుగా ఉండే చర్మం మీద ఆ తెల్ల పిగ్మెంట్ పడితే బూడిద రంగు తేలుతుంది. అక్కడ కావాల్సింది ముందు పలచగా నారింజ కరెక్టర్ (నలుపును అణిచే రంగు క్రీము), దాని మీద సరైన షేడు. పైగా ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి రక్షణ) కోసం కూడా అదే టైటానియం డయాక్సైడ్ వాడారు కాబట్టి ఫ్లాష్ ఫోటోలో ముఖం తెల్లగా వెలిగి, మెడ మామూలుగా ఉంటుంది. ఆల్బమ్ చూసినప్పుడు అడిగేది మమ్మల్నే, మిమ్మల్ని కాదు.

డబ్బాలో మీరు పెట్టే కాగితంలో "మణికట్టు లోపలివైపు పూసి చూసుకోండి" అని ఉంది. అది తీసేయండి. ఎండ తగలని ఆ చోటు ముఖం కన్నా తేటగా ఉంటుంది, రంగు తీరు కూడా వేరు. పత్తి ఏరే, మిర్చి తెంపే ఆడవాళ్లకు ముఖం, మెడ వెనక భాగం ఎండకు కమిలి, గడ్డం కింది నీడపట్టు, జాకెట్టు లోపలి చర్మం తేటగా ఉంటాయి. ఆఫీసులో పనిచేసే వాళ్లకు ఈ తేడా తక్కువ, కొందరికి తారుమారుగా మెడే ముదురు. మణికట్టు వీటిలో దేన్నీ చెప్పదు.

దాని బదులు ఇలా అచ్చు వేయండి. ముఖం కడిగి, మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు ఆగాలి. దగ్గరి నంబర్లు మూడు తీసుకుని బుగ్గ కింది నుంచి దవడ మీదుగా మెడ దాకా పక్కపక్కనే మూడు సన్నని చారలు గీయాలి. రుద్దకూడదు, వేలితో తట్టి పలచన చేయాలి, చాలు. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని పగటి వెలుతురులో చూడాలి. ఎల్ఈడీ ట్యూబు కింద, హాల్లోని పసుపు బల్బుల కింద చూసిన రంగును నమ్మకూడదు. 20 నిమిషాలు ఆగి, ముఖం వైపూ మెడ వైపూ రెండింట్లోనూ కనిపించకుండా పోయిన చార ఏదో అదే షేడు. చివరగా ఫోన్లో ఒక ఫోటో ఫ్లాష్ వేసి, ఒకటి వేయకుండా.

ముఖానికీ మెడకీ పొంతన లేనివాళ్లకు మెడ, ఛాతీ పైభాగం రంగునే పట్టుకోవాలి, ఎందుకంటే చీర కట్టాక కనిపించే చర్మంలో అదే ఎక్కువ. ఒక్క మినహాయింపు ఉంది. మెడ మడతల్లో నల్లగా, మందంగా, మఖమల్‌లా మారిన చర్మం ఉంటే ఆ రంగుకు షేడ్ తీసుకోకూడదు. అది చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో ముడిపడి ఉండే లక్షణం, చూడాల్సింది డాక్టరు. అలాంటప్పుడు ఛాతీ రంగు పట్టుకుని ముఖం నుంచి మెడ మీదికి పలచగా దించుకుంటూ వస్తాం.

పసుపు సంగతి మీ కాగితంలో అసలే లేదు. నలుగు పెట్టి మంగళస్నానం చేయించాక మెడ మీద, చెవుల వెనక పసుపు రంగు మిగిలిపోతుంది, ఒక్క స్నానంతో వదలదు. ఆ రోజు షేడ్ చూస్తే పసుపు ఎక్కువున్న నంబరు సరైనదిగా కనిపిస్తుంది, రిసెప్షన్ నాటికి అదే తేడా కొడుతుంది. షేడ్ చూడటం నలుగుకు ముందే కావాలి.

"మెడకూ పూయండి, సరిపోతుంది" అని మీ ప్రతినిధి ఒకరు సలహా ఇచ్చారు. పట్టు జాకెట్టు అంచు, హారం, కాసులపేరు, పూలదండ, పైన చెమట: మందంగా పూసిన ఫౌండేషన్ గంటలో జరీకి అంటుతుంది, పట్టు మీద ఆ మరక అంత తేలిగ్గా పోదు. మెడకు దాదాపు ఏమీ పూయకుండానే ముఖం కలవాలి. మీకు షేడ్ల బాధ్యత ఉన్నది ఇందుకే.

అండర్‌టోన్ (చర్మం లోపలి నుంచి తేలే రంగు ఛాయ) విషయంలో మీ షేడ్ల పట్టీ తేట రంగులకు ఒకలా, ముదురు రంగులకు ఒకలా ఉంది. మొదటి మూడు నంబర్లలో పింక్, న్యూట్రల్, పసుపు అని మూడు రకాలు దొరుకుతాయి. నాలుగు దాటాక అన్నీ ఎరుపు, నారింజే. ఇక్కడి చామనఛాయలో పసుపు, ఆలివ్ (కాస్త ఆకుపచ్చ తేలే) తీరు చాలా మందిది. ఎరుపు ఐరన్ ఆక్సైడ్ పెంచితే ముదురు షేడు వచ్చేసిందనుకోవడం పొరపాటు. పసుపు, నలుపు ఆక్సైడ్లు, కొంచెం అల్ట్రామెరైన్ నీలం కలిస్తే ఆలివ్ వస్తుంది. ప్రస్తుతం ఆ పని మేం చేస్తున్నాం: ఒక పంపు ఫౌండేషన్‌లో సూదిమొనంత నీలం మిక్సర్ (ఫౌండేషన్‌లో కలిపే రంగు చుక్కల మందు) కలిపితే నారింజ అణుగుతుంది. ఎక్కువైతే ముఖం పాలిపోతుంది. మిక్సర్ కూడా సిలికాన్ బేస్‌దే అయ్యుండాలి, నీళ్ల బేస్‌దైతే విరిగి ఉండలు కడుతుంది. తెల్ల మిక్సర్‌తో తేట చేద్దామంటే మళ్లీ బూడిదే. అయిదో నంబరుకీ ఆరో నంబరుకీ మధ్య ఖాళీ కూడా పెద్దది. రెండూ చెరో పంపు కలపనిదే పని జరగని ముఖాలు చాలా ఉన్నాయి. కస్టమర్ రెండు సీసాలు కొనాలా?

ఇక బ్యాచ్‌లు. అయిదో నంబరే, రెండు బ్యాచ్‌ల సీసాలు బాగా కుదిపి తెల్ల కార్డు మీద పక్కపక్కన పూసి ఆరబెడితే ఒకటి స్పష్టంగా ఎర్రగా ఉంది. ఆ కార్డు, రెండు సీసాల ఫోటోలు, బిల్లుల నకళ్లు దీంతో జత చేశాం. కొన్ని సీసాల మీద బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ పైనే డిస్ట్రిబ్యూటర్ ధర స్టిక్కర్ అంటించాడు. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం లేబుల్ మీద ఉండాల్సిన వివరాలవి, కప్పిపెట్టేవి కావు. ఎండాకాలం గోదాముల్లో నిలవున్న సీసాల్లో పైన నూనె తేరి పిగ్మెంట్ అడుగుకు దిగుతోంది, ఒక్కో పంపు ఒక్కో రంగులో వస్తోంది. కుదిపి వాడమన్న ఒక్క మాట కూడా సీసా మీద లేదు.

మీ వెబ్‌సైట్‌లో ఫోటోతో షేడ్ చెప్పే పరికరం గురించి ఎక్కువ చెప్పం. సెల్ఫీ కెమెరా తెలుపును తనకు తోచినట్టు సవరిస్తుంది, ముఖాన్ని నునుపు చేస్తుంది, మెడను అడగనే అడగదు.

మేం కోరేవి: ఎర్రబడిన ఆ బ్యాచ్ సీసాలను, తెరిచినవైనా సరే, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి. షేడ్ చార్టులో ఆరాక వచ్చే రంగు చూపించండి, నంబరు పక్కన అండర్‌టోన్ రాయండి. నాలుగు నుంచి పైకి పసుపు, ఆలివ్ షేడ్లు తెండి, అయిదు ఆరు మధ్య ఒకటి పెట్టండి. వరంగల్ చౌరస్తా, హనుమకొండ చౌరస్తా షాపుల్లో టెస్టర్లు ఉంచండి, లేదా 1 మి.లీ. సాచెట్లు అమ్మండి, 20 నిమిషాలు ఆగి చూసుకోవాలంటే కస్టమర్ ఇంటికి తీసుకెళ్లగలగాలి.

"సీల్ తీస్తే రిటర్న్ లేదు" అన్న మీ జవాబు మాకు సమ్మతం కాదు. సీల్ తీయకుండా రంగు తేడా తెలిసేదెలా? లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బతుకుతెరువు కోసం స్వయంగా వాడుకునే మాలాంటి వాళ్ల కొనుగోళ్లూ ఆ చట్టం కిందికే వస్తాయి. ఈ సీసాలు మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాం కనుక ఈ-కామర్స్ రూల్స్ 2020 వర్తిస్తాయి: ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయిస్తాం, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

పరీక్ష కోసం సీసాలు కావాలంటే కొరియర్ ఖర్చు మీరు భరించి మనిషిని పంపండి. సీసాలు తీసుకున్నట్టు బ్యాచ్ నంబర్లతో రసీదు ఇస్తేనే అప్పగిస్తాం.

ఇట్లు,
హనుమకొండ, వరంగల్ పెళ్లి మేకప్ బ్యూటీషియన్లు

జతపరిచినవి: బిల్లుల నకళ్లు, సీసాల ఫోటోలు, ఆరిన రంగుల కార్డు, స్టిక్కర్ కప్పిన లేబుల్ ఫోటో