పాత విల్లు కొనేవారికి ఒక తండ్రి మనవి

సంపాదకులకు నమస్కారములు.

విలువిద్య నేర్చుకునే పిల్లలకు కొత్త రికర్వ్ విల్లు (కొనలు ముందుకు వంగి ఉండేది) కొనడం మన శ్రీకాకుళంలో చాలా కుటుంబాలకు భారమే కనుక, వాడిన విల్లు కొనడాన్ని నేను తప్పుపట్టను. మా అమ్మాయికీ అదే కొన్నాను. అయితే దాన్ని సరిగా అమర్చడం తెలియక, పద్నాలుగేళ్ల పిల్ల రెండు నెలలు భుజం నొప్పితో బాధపడింది.

మాది రైజర్ (పిడి ఉండే మధ్య భాగం), లింబులు (దానికి పైనా కిందా ఉండే, వంగే భాగాలు) విడదీసే టేక్‌డౌన్ విల్లు. లింబుల మీద ‘68-30’ అని ఉంటే, 68 అంగుళాల విల్లు, 30 పౌండ్ల లాగుడు (నారి లాగడానికి పట్టే బలం) అని అమ్మినవారు చెప్పారు. ఆ అంకెలు 25 అంగుళాల రైజర్‌కు బిగించి, 28 అంగుళాల దాకా లాగినప్పటివి. మా రైజర్ 23 అంగుళాలది. దానికి అవే లింబులు తగిలిస్తే విల్లు పొడవు 66 అంగుళాలకు తగ్గి, లాగుడు సుమారు 2 పౌండ్లు పెరుగుతుంది. అమ్మాయి లాగేది 26 అంగుళాలే కాబట్టి అంగుళానికి దాదాపు 2 పౌండ్ల చొప్పున తగ్గవలసింది, లింబులను రైజర్‌కు పట్టి ఉంచే లింబ్ బోల్టులు చివరికంటా బిగించి ఉండడంతో అదీ పూర్తిగా తగ్గలేదు. లగేజీ తూచే కాటాను నారికి తగిలించి లాగితే 30 పౌండ్లు చూపింది. కొత్తగా నేర్చుకునే పిల్లకు 20 పౌండ్లు మించితే ఎక్కువే.

నారి కూడా 68 అంగుళాల విల్లుదే ఇచ్చారు. పిడికీ నారికీ మధ్య ఎనిమిది, తొమ్మిది అంగుళాల ఎడం ఉండవలసిన చోట ఆరు కూడా లేక, వదిలిన ప్రతిసారీ నారి ముంజేతికి తగిలేది. 66 అంగుళాల విల్లుకు సరిపడే నారి తెచ్చి, కొద్దిగా మెలిపెట్టి ఎడం సరిచేశాం. ఐఎల్‌ఎఫ్ అమరిక (వేర్వేరు కంపెనీల రైజర్లూ లింబులూ ఒకదానికొకటి సరిపోయే పద్ధతి) కనుక రైజర్ అలాగే ఉంచి, 20 పౌండ్ల లింబులు మార్చాం. ఇప్పుడు కాటా 18 దగ్గర ఆగుతోంది. అన్ని టేక్‌డౌన్ విళ్లూ ఈ అమరికవి కావు, అది ముందే అడగాలి.

కొనే ముందు నారి ఎక్కించి, అది రెండు లింబుల నడిమధ్యగా పోతున్నదీ లేనిదీ చూడాలి. కాలితో తొక్కి వంచి నారి ఎక్కించిన లింబులు మెలితిరిగి ఉండవచ్చు, అలాంటివాటిని తీసుకోవద్దు. విల్లు వంచేందుకు రెండు కొనలకూ తగిలించే స్ట్రింగర్ తాడుతోనే నారి ఎక్కించాలి. బాణం లేకుండా లాగి వదలడం ఎవరినీ చేయనివ్వకూడదు.

కోడి రామ్మూర్తి స్టేడియంలో ఒక కాటా, ఒక బో స్క్వేర్ (పిడికీ నారికీ మధ్య ఎడం కొలిచే బద్ద) అందరికీ అందుబాటులో ఉంచాలని జిల్లా క్రీడాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి, శ్రీకాకుళం