పానా మా చేతిలో, తాళం కంపెనీ చేతిలో: పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. విజయవాడ ఆటోనగర్‌లో నాకొక డీజిల్ పంపుల షాపు ఉంది. మా నాన్న పెట్టిన షాపు. ముప్పై ఏళ్లుగా నేను చూసుకుంటున్నాను. కరెంటు బిల్లు తగ్గించమనో, స్థలం ఇప్పించమనో రాయడం లేదు, ఆ పని మా సంఘం వాళ్లు ఎలాగూ చేస్తూనే ఉంటారు. ఈ మధ్య ఏ సభ పెట్టినా ఇన్నోవేషన్ అనే మాట వినిపిస్తోంది. అమరావతికి క్వాంటమ్ వ్యాలీ అని కొత్తరకం కంప్యూటర్ల కేంద్రం వస్తుందంటున్నారు, మంగళగిరిలో రతన్ టాటా పేరు మీద ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. సంతోషమే. కృష్ణ దాటి ఇటు వస్తే మాత్రం అదే మాట ఇంకోలా వినబడుతోంది. కొత్త బండ్లు వస్తున్నాయి గానీ, వాటిని రిపేరు చేసే దారి మాకు మూసేస్తున్నారు. ఎలాగో చెబుతాను.

ముందు మా పనేమిటో మీకు తెలియాలి. పాత లారీ ఇంజన్ పక్కన, సిలిండర్లకి డీజిల్ కొట్టే పంపు ఒకటి ఉంటుంది. ఎవరు తయారు చేసినా సరే, మేం మైకో పంపు అనే అంటాం. ఆరు సిలిండర్ల బండికి ఆరు పైపులు. పంపు ఊడదీసి, కడిగి, పరీక్ష చేసే బెంచ్ మీద ఎక్కించి తిప్పితే ఒక్కో పైపు డీజిల్ ఒక్కో గాజు గొట్టంలో పడుతుంది. ఆరింటిలోనూ మట్టం ఒకటే రావాలి. ఒకదాంట్లో కాస్త ఎక్కువ పడితే బండి నల్లపొగ కక్కుతుంది, తక్కువ పడితే ఘాట్ రోడ్డెక్కదు. మా నాన్న ఆ గొట్టాల ముందు పీట వేసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఒక కన్ను మూసి చూసేవారు. "మూడోది ఎక్కువ తాగుతోంది రా" అనేవారు. నేను స్క్రూ పావు చుట్టు తిప్పేవాణ్ణి. మా ఇల్లు, చెల్లి పెళ్లి, నా డిగ్రీ అన్నీ ఆ పావు చుట్టులోంచి వచ్చినవే.

బెజవాడకి ఇలాంటి మార్పులు కొత్త కాదు. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట కట్టాక కాలవలే ఈ ఊరికి రోడ్లు. ఏలూరు కాలవ, బందరు కాలవల మీద పడవల్లో ధాన్యం పోయేది. నది అవతల కొమ్మమూరు కాలవ పట్టుకుంటే బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు దాకా నీటిదారే. తర్వాత నది మీద రైలు వంతెన వచ్చింది. ఆ తర్వాత లారీ వచ్చి, పడవని పూర్తిగా మూలన పడేసింది. 1954లో టాటా వాళ్లు బెంజ్ కంపెనీతో కలిసి లారీల తయారీ మొదలుపెట్టారు. మద్రాసు, కలకత్తా రోడ్డూ, హైదరాబాదు, బందరు రోడ్డూ కలిసేది ఇక్కడే కాబట్టి ఆ లారీలన్నీ మన ఊళ్లోనే ఆగేవి. ఆగిన బండికి పని ఉంటుంది. 1960ల్లో ఆటోనగర్ పుట్టింది అందుకే. కంపెనీ ఇచ్చేది ఉత్త ఛాసిస్. దాని మీద క్యాబిన్, తొట్టి కట్టింది మన వడ్రంగులూ కమ్మర్లూ. కమాను పట్టీలు, రేడియేటర్లు, సీట్లు, టింకరింగు, పెయింటింగు... ఒక్కో వీధి ఒక్కో కాలేజీ.

ఇక్కడొక సంగతి గమనించాలి. లారీ తయారైంది ఎక్కడో, బతుకులు మారింది ఇక్కడ. ఎందుకంటే ఆ లారీని విప్పి చూడొచ్చు. పానా పట్టుకున్నవాడెవడైనా లోపలికి వెళ్లి, చెడగొట్టి, మేస్త్రి చేత మొట్టికాయ తిని, నేర్చుకుని బయటికి రావచ్చు.

మా నాన్న కుర్రతనంలో హెల్పర్‌గా చేరిన లేత్ షాపులో, పైకప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పొడుగాటి షాఫ్టు ఉండేదట. మూలన ఒకే ఒక మోటారు. షాఫ్టు మీంచి తోలు బెల్టులు దిగి ఒక్కో మిషన్‌ని తిప్పేవి. అమెరికా ఫ్యాక్టరీల కథ చదివితే అచ్చం ఇలాగే ఉంది. న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం 1882లోనే మొదలైంది. ఫ్యాక్టరీల వాళ్లు చేసిందల్లా ఆవిరి ఇంజన్ తీసేసి అదే చోట ఒక పెద్ద మోటారు పెట్టుకోవడం. షాఫ్టులూ బెల్టులూ అలాగే ఉంచారు. కరెంటైతే వచ్చింది గానీ ఉత్పత్తిలో పెద్ద తేడా రాలేదు. మిషన్‌కో చిన్న మోటారు పెట్టి, షాఫ్టు పీకేసి, పని నడిచే వరసలో షెడ్డంతా మళ్లీ సర్దుకున్నాక అసలు లాభం కనబడింది. అప్పటికి 1920లు వచ్చేశాయి. నలభై ఏళ్లు! కొత్త మిషన్ కొనడానికి ఒక్క పూట చాలు, షాపు సర్దుకోవడానికి ఒక తరం పట్టింది.

మేం కూడా సర్దుకోవడానికి సిద్ధంగానే ఉన్నాం సార్. సర్దుకోనివ్వకపోవడమే మా బాధ.

బండి పొగ ఎంత ఉండొచ్చో చెప్పే బీఎస్-4 రూలు దేశమంతా 2017 ఏప్రిల్‌లో వచ్చింది, 2020 ఏప్రిల్ 1న ఏకంగా బీఎస్-6. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే పాత నాజిల్ సుమారు 200 బార్ ప్రెషర్ దగ్గర తెరుచుకునేది. ఇప్పుడు అదే పని చేసే, కంప్యూటర్ నడిపే కామన్ రైల్ ఇంజెక్టర్‌లో 1,600 నుంచి 2,000 బార్ దాకా ఉంటుంది. గాజు గొట్టం, మూసిన కన్ను ఇక్కడ పనికిరావు. ఒప్పుకుంటాను. పొగ తగ్గింది, మైలేజీ పెరిగింది. మంచి మార్పే. అప్పు చేసి కొత్త బెంచ్ కొన్నాను, ఇంజెక్టర్ పని నేర్చుకున్నాను. అక్కడికి సర్దుబాటు అయిపోయిందనుకున్నాను.

పోయిన వేసవిలో గుంటూరు యార్డు నుంచి మిర్చి లోడుతో వెళ్తున్న బండి ఒకటి మా షాపు ముందు ఆగింది. డ్రైవరే ఓనరు. కంపెనీ పేరెందుకు లెండి. నాలుగో ఇంజెక్టర్ పోయింది. అసలు కంపెనీ ఇంజెక్టరే తెప్పించి మూడు గంటల్లో బిగించాను. బండి స్టార్టయింది, కానీ కుంటుతోంది, డ్యాష్‌బోర్డు మీద లైటు ఆరడం లేదు. ఎందుకంటే ఒక్కో ఇంజెక్టర్ మీద ఒక కోడ్ చెక్కి ఉంటుంది. ఆ కోడ్‌ని బండి కంప్యూటర్‌లో ఎక్కించాలి. నా దగ్గరున్న స్కానర్ తప్పేమిటో చదువుతుంది గానీ, కొత్త కోడ్ రాయాలంటే కంపెనీ పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ నాకు అమ్మరు. అద్దెకి కూడా ఇవ్వరు. చివరికి బండిని తాడు కట్టి కంపెనీ వర్క్‌షాపుకి లాక్కెళ్లారు. అక్కడ వరసలో రెండు రోజులు. మూడు గంటలు ఒళ్లొంచి చేసిన పనికి రెండు నిమిషాల టైపింగ్ అడ్డం పడింది. ఆ డ్రైవరు నా కూలీ ఇవ్వబోతే తీసుకోవడానికి మొహం చెల్లలేదు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఇదే తేడా కళ్లారా చూశాను. నీళ్లు దిగాక బైకులూ ఆటోలూ వందల కొద్దీ వచ్చిపడ్డాయి. మా పంపుల షాపు వాళ్లం కూడా ఆ వారం బైకులే చేశాం. కార్బ్యురేటర్ బండి అయితే ఆయిల్ మార్చి, కార్బ్యురేటర్ కడిగి, ప్లగ్గు ఎండబెడితే మధ్యాహ్నానికి రోడ్డెక్కింది. మా సందులో ఒకాయన కొనుక్కున్న కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్ మాత్రం దసరా దాటినా ఇంటికి రాలేదు. విప్పితే వారంటీ పోతుంది, విప్పకపోతే బండి పోతుంది. ఆయన టిఫిన్లు డెలివరీ చేసి బతికే మనిషి.

కంపెనీల వాదన కూడా నాకు తెలుసు. మాలో కొందరు దొంగ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, దాచేదేముంది. పొగ శుభ్రం చేయడానికి పోసే డెఫ్ అనే యూరియా నీళ్ల ఖర్చు డ్రైవర్లకి మిగులుతుందని, ఆ సిస్టమ్‌నే బైపాస్ చేసి పంపేవాళ్లూ ఉన్నారు. అది తప్పు, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు. కానీ తలుపు తాళం వేసి ఉంటేనే కదా కిటికీలోంచి దూరే అవసరం? మెకానిక్ పేరు రిజిస్టర్ చేసి, లాగిన్ ఇచ్చి, ఎవరు ఏ బండిలో ఏం మార్చారో నమోదయ్యేలా చేస్తే దొంగ ఎవడో వాడే బయటపడతాడు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకీ ఇవ్వాలని యూరప్‌లో 2007లోనే రూలు పెట్టారు, తగిన ఫీజు తీసుకోవచ్చన్నారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో చట్టం చేసింది. మన దగ్గరా 2014 ఆగస్టులో మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ ఇదే విషయం మీద 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, స్కానర్లు బయటివాళ్లకి దొరక్కుండా చేస్తున్నారని తేల్చింది. తర్వాత అప్పీళ్లు, కోర్టులు. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్, అంటే రిపేరు హక్కు పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాల విభాగం కూడా ఉంది. పోర్టల్ ఉంది, నా పాస్‌వర్డ్ మాత్రం లేదు.

వాహనాల రూల్స్ కేంద్రం చేతిలో ఉన్నాయని మీ అధికారులు చెబుతారు. నిజమే. కానీ కొనేవాడి మాటకి బలం ఉంటుంది, రాష్ట్రంలో పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. పోలీసు జీపులు, అంబులెన్సులు, ఆర్టీసీ బస్సులు. తిరుమల కొండ మీదికి ఎలక్ట్రిక్ బస్సులు ఇప్పటికే తిరుగుతున్నాయి. వాటిలో కిలోమీటరుకింత అని ప్రైవేటు సంస్థకి కట్టే పద్ధతి కాబట్టి రిపేరు కూడా వాళ్ల గేటు లోపలే. ఇకముందు కొత్త బస్సులకి టెండరు పిలిచేటప్పుడు ఒక్క షరతు చేర్చండి: రిపేరు సమాచారం, స్కానర్ లైసెన్సు రిజిస్టరైన స్థానిక మెకానిక్‌లకి తగిన ధరకి అమ్మాలి. ఉచితంగా ఇవ్వమని అడగడం లేదు. ఆర్టీసీ హౌస్ మా షాపు నుంచి ఎంతో దూరం లేదు, కావాలంటే ఆ షరతు ముసాయిదా మేమే రాసుకొస్తాం.

రెండోది బ్యాటరీ బండ్ల సంగతి. వాటికి పంపు లేదు, నాజిల్ లేదు, సైలెన్సర్ లేదు. అంటే నేను లేను. దీనికి ఏడుపేమీ లేదు, పడవ సరంగులు ఏడిస్తే లారీ ఆగిందా? డీజిల్ కూడా రేపే పోదు. ఈ ఏడాది అమ్ముడైన లారీ ఇంకో పదిహేనేళ్లు తిరుగుతుంది, ఆ వ్యవధి చాలు మాకు. కాకపోతే మా చదువు పద్ధతి ఇక్కడ పనికిరాదు. చెడగొట్టి నేర్చుకోవడం మాకు అలవాటు. బస్సు బ్యాటరీలో వందల వోల్టులు ఉంటాయి. అక్కడ మొదటి తప్పే ఆఖరి తప్పవుతుంది. కేంద్రం 10,900 కోట్లతో 2024లో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ అనే ఎలక్ట్రిక్ వాహనాల పథకంలో బండ్ల రాయితీలకీ, బస్సులకీ, ఛార్జింగ్ స్టేషన్లకీ డబ్బు పెట్టారు. మన రాష్ట్రానికీ సొంత ఎలక్ట్రిక్ వాహనాల పాలసీ ఉంది. బండి కొనేవాణ్ణి చూశారు, ఛార్జింగ్ పెట్టేవాణ్ణి చూశారు. ఆగిపోయిన బండి ముందు నిలబడేవాణ్ణి కూడా చూడండి.

ఆటోనగర్‌లోనే ఒక షెడ్డు కావాలి. అందులో అందరూ గంటల లెక్కన వాడుకునే ఇంజెక్టర్ బెంచ్, లైసెన్సున్న స్కానర్లు, ఇన్సులేషన్ చేసిన బ్యాటరీ బే, సాయంత్రం క్లాసులు. చిన్న పరిశ్రమలకి కేంద్రం పెట్టిన క్లస్టర్ పథకంలో ఇలాంటి ఉమ్మడి కేంద్రాలకి డబ్బిస్తారు, మా వాటా మేం వేసుకుంటాం. సాయంత్రమే ఎందుకంటే పగలు షాపు మూస్తే ఆ రోజు కూలీ పోతుంది. పదో తరగతి తప్పినవాణ్ణి కూడా చేర్చుకోవాలి, సర్టిఫికెట్ తెలుగులో పరీక్ష పెట్టి ఇవ్వాలి. మా షాపులో అలాంటి కుర్రాడే ఒకడున్నాడు. వైరింగ్ డయాగ్రామ్ ఫోన్‌లో పెద్దది చేసుకుని, రంగుల్ని బట్టి ఏ తీగ ఎటు పోతుందో నాకంటే ముందే చెబుతాడు. ఇంగ్లీషులో దరఖాస్తు ఫారం ఇస్తే మాత్రం వెనక్కి తిప్పి పెట్టేస్తాడు.

ఈ కాగితం మీ పేషీలో ఏ ఫైలుకి చేరుతుందో నాకు తెలియదు. వీలైతే మీరే ఒకసారి రండి. పదింటికల్లా షాపు తీస్తాం. పాత బెంచ్ ఇంకా పనిచేస్తూనే ఉంది, ఆరు గొట్టాల్లో ఒకటి మాత్రం పగిలింది. దాని పక్కనే కొత్త బెంచ్, దాని మీద నా స్కానర్. స్విచ్ వేసి చూపిస్తాను, ఎక్కడి దాకా వెళ్లి ఆగిపోతుందో మీరే చూద్దురు గాని.

ఇట్లు,
ఆటోనగర్, విజయవాడ నుంచి
ఒక పంపుల మెకానిక్