పూలలోయ ట్రెక్‌లో పూలలోయే చూపించలేదు: ట్రెక్కింగ్ కంపెనీకి ఫిర్యాదు లేఖ

మహబూబ్‌నగర్,
26 ఆగస్టు 2024

మేనేజర్ గారికి,
హైదరాబాద్ ఆఫీసు.

విషయం: ఆగస్టు 9 నుంచి 14 వరకు జరిగిన పూలలోయ ట్రెక్‌లో సేవా లోపం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీ కంపెనీ ద్వారా ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కు నేను, మా ఆయన, మా మరిది వెళ్లొచ్చాం. వెళ్లొచ్చాం అని అలవాటుగా రాశాను గానీ, లోయలో మేం అడుగే పెట్టలేదు. చెక్‌పోస్టు దగ్గర్నుంచే వెనక్కి తిరిగాం.

వాన పడిందనో, గదిలో వేన్నీళ్లు రాలేదనో, పప్పులో ఉప్పు తక్కువైందనో ఈ ఉత్తరం రాయడం లేదు. ఆగస్టులో హిమాలయాలకు పోయి వాన పడిందని ఏడిస్తే నన్నే అనాలి. ఆ పూలు పూసేదే ఆ వానలకు. నడక కష్టమైందని కూడా కాదు. మేం ఏటా చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం పోయేవాళ్లం. ‘వస్తున్నం లింగమయ్యా’ అనుకుంటూ ఆ రాళ్ల లోయలోకి దిగి, ‘పోయొస్తం లింగమయ్యా’ అంటూ మళ్లీ పైకెక్కే కాళ్లు మావి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. జెండా వందనానికి కూడా ఉండనని హెడ్‌మాస్టర్ గారిని బతిమాలి సెలవు పెట్టింది ఒక్క ఆ లోయ కోసమే. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ ఫ్రాంక్ స్మైత్ బృందం చూసిన లోయ అది. 1982లో జాతీయ ఉద్యానవనమైంది, 2005లో యునెస్కో జాబితాకెక్కింది. 1939లో మొక్కల నమూనాలు ఏరుతూ కాలుజారి పడి చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్గె సమాధి లోయలోనే ఉంది. అక్కడిదాకా నడిచి, ఒక్క నిమిషం నిలబడి, ఆమె గురించి పిల్లలకు చెబుదామనుకున్నాను. నీలి గసగసాల పువ్వు ఫొటో తెస్తానని తొమ్మిదో తరగతికి మాటిచ్చి మరీ పోయాను.

మీరు వాట్సాప్‌లో పంపిన కాగితంలో వరుస ఇది: మొదటిరోజు రిషికేశ్ నుంచి జోషీమఠ్. రెండోరోజు గోవింద్‌ఘాట్ మీదుగా పుల్నా దాకా బండి, అక్కణ్ణుంచి నడిచి ఘాంఘరియా. మూడోరోజు పూలలోయ, నాలుగోరోజు హేమకుండ్ సాహిబ్, అంటే కొండపైన సరస్సు ఒడ్డున ఉన్న సిక్కుల గురుద్వారా. తర్వాత దిగిరావడం. ఈ వరుసకు ఒక అర్థం ఉంది. మా మహబూబ్‌నగర్ ఎత్తు అటూఇటుగా 500 మీటర్లు. ఘాంఘరియా 3,000 దాటుతుంది. లోయ దానికంటే కొంచెమే ఎత్తు కాబట్టి, ఒకరోజు అక్కడ తిరిగితే ఒళ్లు ఆ పలుచని గాలికి అలవాటు పడుతుంది. హేమకుండ్ 4,000 మీటర్లకు పైన. ఆరు కిలోమీటర్ల దారిలో వెయ్యి మీటర్లకు మించి ఎక్కాలి. అందుకే ముందు లోయ, తర్వాత హేమకుండ్. మీ కాగితం రాసినవారికి ఈ సంగతి తెలుసు. ట్రెక్ నడిపినవారే మరిచారు.

10వ తేదీ పొద్దున ఆరింటికి రావలసిన బండి పదకొండున్నరకు వచ్చింది. మీదే ఇంకో బృందాన్ని దింపడానికి పోయిందట. పుల్నాలో నడక మొదలుపెట్టేసరికి రెండు. దాదాపు పది కిలోమీటర్ల ఎక్కుడు దారి, వాన, చీకటి, మా ముగ్గురికీ కలిపి ఒక్క టార్చి. ఘాంఘరియా చేరింది రాత్రి ఎనిమిదిన్నరకు.

తెల్లారి గైడ్ వచ్చి ‘ఈరోజు హేమకుండ్’ అన్నాడు. అదేమంటే, రెండు బృందాలను కలిపేశారు, 31 మందికి తనొక్కడే గైడ్, ఆ రెండో బృందానికి ఆరోజు హేమకుండ్ ఉంది కాబట్టి అందరికీ హేమకుండే. పోయాం.

చూసిన దాన్ని చూడలేదనను. మంచు తెరలోంచి ఆ సరస్సు ఒక్కసారిగా కనబడితే మాట రాలేదు. గురుద్వారాలో పెట్టిన వేడి కిచిడీ, చాయ్ ఇప్పటికీ నోట్లో ఉన్నాయి. దారి పక్కన రాళ్ల మధ్య అసలైన బ్రహ్మకమలం చూశాను. కాగితం లాంటి లేతపసుపు రేకులు గిన్నెలా ముడుచుకుని ఉన్నాయి. నిజానికి అవి రేకులు కావు, ఆకులే. పువ్వులు లోపల ముదురు ఊదారంగు గుత్తిగా దాక్కుంటాయి. మన ఇళ్లల్లో బ్రహ్మకమలమంటూ రాత్రిపూట పూస్తే వాడకట్టంతా పిలిచి హారతి పట్టేది అమెరికా ఖండపు జెముడు జాతి మొక్క. ఈ మాట చెబితే మా పక్కింటామె నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

ఆ పువ్వు దగ్గర నేను వంగి చూస్తున్నప్పుడే మా మరిది రాయి మీద కూలబడి ‘వదినా, తలకాయ పగులుతున్నది’ అన్నాడు. దించడానికి ఖచ్చర్ (కంచరగాడిద) కిరాయి 2,200 మేమే కట్టుకున్నాం. రాత్రికి వాంతులు. మీ ప్రకటనలో ఆక్సీమీటర్, ఆక్సిజన్ సిలిండర్ బొమ్మలతో సహా ఉన్నాయి. గైడ్ దగ్గర రెండూ లేవు. పక్కగదిలో దిగిన పంజాబీ పెద్దాయన తన ఆక్సీమీటర్ ఇస్తే, రక్తంలో ఆక్సిజన్ 81 శాతమే చూపింది.

అప్పుడు గైడ్ ఒక మాత్ర తెచ్చాడు. షీటులోంచి కత్తిరించిన చిన్న ముక్క. పేరు లేదు, తేదీ లేదు. ఏంటని గట్టిగా అడిగితే డయామాక్స్ అన్నాడు, ఎత్తు పడక వచ్చే జబ్బుకు ఇచ్చే మాత్ర. అది సల్ఫా జాతి మందు. మా మరిదికి సల్ఫా మందులు పడవని మీ ఆరోగ్య ఫారంలో ఎర్ర సిరాతో రాసి ఇచ్చాం. ఫారం చూడలేదా అంటే ఆ పిల్లవాడు అమాయకంగా ‘కౌన్‌సా ఫారం, మేడం?’ అన్నాడు. ఆ కాగితం మీ ఆఫీసు గడప దాటలేదన్నమాట. నేను టీచర్ను కాబట్టి అడిగాను. అడగని వాళ్లయితే ఏమయ్యేది?

దేవుడి దయవల్ల పొద్దుటికి మరిది తేరుకుని, మెల్లగా నడుస్తానన్నాడు. 12న లోయకు పోవాలి. గైడ్ రెండో బృందాన్ని కిందికి సాగనంపే పనిలో పడి, మమ్మల్ని గదుల్లోనే ఉండమన్నాడు. మా ఆధార్ కాపీలు, టికెట్ల డబ్బులు అన్నీ అతని దగ్గరే. అవి వదిలేసి మేమే వేరే టికెట్ కొనుక్కుని పోవలసింది, ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు. అతను వచ్చి మమ్మల్ని బయల్దేరదీసి చెక్‌పోస్టు చేర్చేసరికి రెండు దాటింది. లోపల రాత్రి ఉండనివ్వరు కాబట్టి ఆ వేళకు ఎవరినీ వదలరు. అటవీశాఖ ఉద్యోగి మాట కూడా ఆడకుండా బోర్డు వైపు వేలు చూపించాడు. దారి పక్కన గులాబీరంగు కాశీతుమ్మ జాతి పూలు నాలుగు కనబడ్డాయి. నా పూలలోయ అంతే.

మర్నాడు పొద్దున్నే లోయ చూసి సాయంత్రానికి దిగుతామని మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ‘బస్ ఫిక్స్ అయింది మేడం, అయినా పహాడ్‌లో ఇట్లనే ఉంటది’ అన్నారు. కొండచరియ విరిగి దారి మూసుకుపోతే పహాడ్‌లో ఇట్లనే ఉంటది. మేం పోయిన ఆరు రోజుల్లో ఒక్క చరియ విరగలేదు. ఆ రోజును మింగింది కొండ కాదు, ఒక గైడ్ జీతం, ఒక బండి కిరాయి మిగుల్చుకున్న మీరు.

ఇంకోమాట. మీ ప్రకటనలో ‘పూలలోయ ఒడిలో టెంటులో ఒక రాత్రి’ అని ఇవాళ్టికీ ఉంది. లోయలో టెంటు వేయడం నిషేధం. దాన్ని వెంటనే తీసేయండి.

ముగ్గురికి కట్టింది 43,500. అందులో సగం 21,750, ఖచ్చర్ కిరాయి 2,200, మొత్తం 23,950 రూపాయలు నేను డబ్బు పంపిన ఖాతాకే తిరిగి వేయండి. ‘వచ్చే ట్రెక్‌లో డిస్కౌంట్’ కూపన్ నాకు వద్దు. ఆరోగ్య ఫారం గైడ్‌కు ఎందుకు చేరలేదో రాతపూర్వకంగా చెప్పండి. ఆ గైడ్ జీతంలో మాత్రం పైసా కోయకండి. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లవాడు, 31 మంది వెంట పరుగెత్తి పరుగెత్తి ఆ రాత్రి తిండి కూడా తినలేదు.

పదిహేను రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు, ఆపైన మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, దీనికోసం హైదరాబాద్ రానక్కర్లేదు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా ఉండదు.

జతపరచినవి: డబ్బు కట్టిన రసీదు, మీరు పంపిన ప్రయాణ వివరాల కాగితం, ఆరోగ్య ఫారం ఫొటో, ఖచ్చర్ రసీదు, చెక్‌పోస్టు బోర్డు ముందు మేం ముగ్గురం దిగిన ఫొటో.

ఇట్లు,
మీ ఆగస్టు 9 బృందంలోని జీవశాస్త్రం టీచర్