ఎస్కార్టు దొరికేదాకా రోగం ఆగుతుందా?

సంపాదకులకు నమస్కారం.

ఈ నెల మొదటి వారంలో మీ జిల్లా పేజీలో జైలులో జరిగిన ఉచిత వైద్య శిబిరం వార్తను, దానితో వేసిన ఫొటోను చూశాను. ఫొటోలో ఉన్న పదకొండు మందిలో ఖైదీలు ఇద్దరే. మిగతా తొమ్మిది మందీ వారికి అరటిపండ్లు అందిస్తున్నవారే. షుగరు పరీక్షలు చేసిన చోటే అరటిపండ్లు పంచాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, ఖైదీల ఆరోగ్యానికి అత్యంత ప్రాధాన్యం ఇస్తున్నామన్న అధికారుల మాటను మీరు యథాతథంగా అచ్చువేశారు. ఆ రోజే ఉత్తరం మొదలుపెట్టి, కోపంలో రాసింది ఎవరూ చదవరని రెండుసార్లు చింపేశాను. పది రోజులైనా కోపం తగ్గలేదు కనుక ఇక రాసేస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా చెల్లెలి కొడుకు పొలం గెట్టు పంచాయతీలో చెయ్యి చేసుకున్నాడన్న కేసులో రిమాండుకు వెళ్లాడు. ఏ జైలో రాయను; ఒకదాని పేరు రాస్తే మిగతావన్నీ బాగున్నాయని ఒప్పుకున్నట్టవుతుంది. వాడు ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద బతుకుతున్న మనిషి. అక్కడ సాయంత్రం ఐదున్నరకే భోజనం పెట్టి, పొద్దు గూకకముందే బ్యారక్‌లకు తాళాలు వేసేవారు. మళ్లీ తిండి కనబడేది తెల్లవారిన తర్వాతే. ఇన్సులిన్ వేసుకున్నవాడు పన్నెండు, పదమూడు గంటలు ఏమీ తినకుండా ఉంటే షుగరు పడిపోయి అర్ధరాత్రి చెమటలు పడతాయని, చేతులు వణికి మాట తడబడుతుందని చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు. అలా రెండు రాత్రులు జరిగింది. పక్కవాళ్లు కేకలు వేస్తే సిబ్బంది వచ్చారు, తాళం తీయడానికి పై అధికారి రావలసి వచ్చింది. గుప్పెడు చక్కెర దగ్గర ఉంచుకోనిచ్చి ఉంటే సరిపోయేది, కానీ చక్కెర అనుమతి లేని వస్తువట.

బయటి మందులను లోపలికి రానివ్వరాదన్న నిబంధనను నేను తప్పుపట్టడం లేదు. ములాఖత్‌కు వచ్చేవాళ్లు ఏమేం తెస్తుంటారో నాకూ తెలుసు. అయితే బయటిది ఆపినవారు లోపల అదే మందును వేళకు ఇవ్వాలి కదా.

ఇంతకన్నా ఘోరం వాడి కాలి పుండు విషయంలో జరిగింది. వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరు దాన్ని చూసి, వెంటనే పెద్దాసుపత్రికి పంపమని చీటీ రాశారు. ఆయనను నేనేమీ అనను, ఆయన పని ఆయన చేశారు. ఆ చీటీ రాసిన రోజు నుంచి తొమ్మిది రోజులు ఖైదీ వెంట కాపలాగా వెళ్లే ఎస్కార్టు పోలీసులు దొరకలేదు. మొదట జాతర బందోబస్తు అన్నారు, తర్వాత మంత్రిగారి పర్యటన అన్నారు, ఆ తర్వాత ఆదివారం వచ్చింది. ఆసుపత్రికి చేర్చేసరికి ఎడమ కాలి రెండు వేళ్లు తీసేయక తప్పలేదు. కేసు సంగతి అంటారా, అది లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. గెట్టు రాయి మునుపున్న చోటే ఉంది.

దీనికి కొత్త చట్టాలేవీ అవసరం లేదు. బ్రిటిషువారు 1894లో చేసిన జైళ్ల చట్టంలోనే, ప్రతి జైలులోనూ ఆసుపత్రి గానీ రోగులను ఉంచడానికి తగిన చోటు గానీ ఉండాలని 39వ సెక్షన్ చెబుతోంది. 38వ సెక్షన్ ఇంకా ముఖ్యమైనది: మందుల సరఫరా వంటివి తప్ప వైద్యాధికారి ఇచ్చిన ప్రతి ఆదేశాన్నీ ఖైదీ వివరాలు రాసే హిస్టరీ టికెట్‌లో గానీ, నిర్దేశించిన వేరే రికార్డులో గానీ ఏ రోజుది ఆ రోజు నమోదు చేయాలి, దాన్ని అమలు చేశారా లేదా అన్నది జైలరు తేదీతో సహా రాయాలి. ఐక్యరాజ్య సమితి 2015 డిసెంబరులో ఆమోదించిన, ఖైదీలను ఎలా చూడాలో చెప్పే మండేలా నియమాల్లో 27వది, వైద్యపరమైన నిర్ణయాలు వైద్య సిబ్బందివేనని, వాటిని వైద్యేతర సిబ్బంది తోసిపుచ్చరాదు, పట్టించుకోకుండా వదిలేయరాదు అని స్పష్టంగా చెబుతోంది. జైళ్లను పీడిస్తున్న తొమ్మిది సమస్యల్లో ఆరోగ్యం, పరిశుభ్రతల పట్ల నిర్లక్ష్యం ఒకటని సుప్రీంకోర్టు 1996లోనే రామమూర్తి కేసులో అన్నది. ఇన్ని ఉన్నా మా వాడి విషయంలో డాక్టరు నిర్ణయాన్ని పక్కన పెట్టింది ఏ జైలరూ కాదు, జాతర. ఎస్కార్టు లేకపోవడం అనేది ఎవరి సంతకమూ లేని ఉత్తర్వు కనుక దానికి జవాబు చెప్పేవారూ ఉండరు.

బయట పేదవాడికే దిక్కులేదు, నేరస్తులకు ఇన్ని సేవలా అని అడిగేవారున్నారు. మా వీధిలోనే ఉన్నారు. దేశంలోని ఖైదీల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా ఏ నేరమూ రుజువు కాని విచారణ ఖైదీలే అన్నది ఒక జవాబు. అది పక్కన పెట్టినా, బయటి పేదవాడు అర్ధరాత్రి ఊళ్లో ఆర్‌ఎంపీ తలుపైనా తడతాడు, ఆటో కట్టించుకొని పట్నం పోతాడు, 108కు ఫోన్ చేస్తాడు. లోపలివాడి తాళంచెవి ప్రభుత్వం జేబులో ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వైద్యం బాధ్యత కూడా వారిదే అవుతుంది.

డాక్టర్లు లేరన్న మాట మన వైపు ఇక చెల్లదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆసుపత్రి కట్టడానికి 2021లో వరంగల్ సెంట్రల్ జైలునే కూల్చిన రాష్ట్రం మనది. ఉన్న జైళ్లలోకి రాత్రిపూట ఒక డాక్టరును పంపడం అంత కష్టమా? ప్రతి 300 మంది ఖైదీలకు ఒక వైద్యాధికారి ఉండాలని 2016 నాటి నమూనా జైలు మాన్యువల్‌లో రాసి ఉంది. మన అధికారులకు శిబిరాలంటే ఇష్టం, ఎందుకంటే శిబిరానికి బ్యానర్ ఉంటుంది. రోజూ ఒక నర్సు వచ్చి పుండుకు కట్టు మార్చి పోతే దానికి బ్యానర్ కట్టరు, మీ పత్రిక ఫొటోగ్రాఫర్‌నూ పంపదు.

2022లో దేశంలోని జైళ్లలో 1,995 మంది చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలో ఉంది. అందులో 1,773 'సహజ' మరణాలట. జబ్బు చేసి పోయినవారంతా ఈ లెక్కలోకే వస్తారు. చీటీ రాసి తొమ్మిది రోజులు కూర్చోబెట్టిన మనిషి పోయినా సహజంగానే పోయినట్టు రాసుకుంటారు కాబోలు.

పేర్లు లేకుండానే సరే, ఎంతమందిని ఆసుపత్రికి పంపమని డాక్టర్లు రాశారు, వారిని ఎన్ని రోజులకు పంపారు అన్న లెక్కను ప్రతి జైలూ నెలనెలా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇచ్చి, గేటు బయట కూడా అంటించాలి. మళ్లీ శిబిరానికి పిలుపు వస్తే, పండ్ల పళ్లెం పక్కన ఫొటో తీసుకునే ముందు ఆ లెక్క అడగమని మీ విలేకరికి చెప్పండి. డాక్టరు చీటీ రాసిన తేదీకీ బండి కదిలిన తేదీకీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు.

– ఒక విశ్రాంత ఫార్మసిస్టు, నల్లగొండ