బీపీ, షుగర్ చూస్తున్నారు, నోరు కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మా బారువ నుంచి కళింగపట్నం దాకా సముద్రం ఒడ్డున ఏ ఊరికెళ్ళినా చుట్ట అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇప్పటికీ కనిపిస్తారు, అంటే వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగేది. గాలికి ఆరిపోదని, నిప్పురవ్వ చంకలో బిడ్డ మీద పడదని పెద్దోళ్ళ కాలం నుంచి వస్తున్న అలవాటు. 1960లలోనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్ళు చూసి, ఆ వేడికీ పొగకీ అంగిలి ఎలా పాడవుతుందో, క్యాన్సర్ దాకా ఎలా వెళ్తుందో రాశారు. అంత పాత సంగతి, మరి ఇప్పుడు వాళ్ళ నోరు తెరిపించి చూసేదెవరు?

చుట్ట తాగితే చిగుళ్ళు గట్టిపడతాయి, రక్తం రాదు అంటారు మా వైపు. రక్తం తక్కువ రావడం నిజమే, కానీ అది నికోటిన్‌కి రక్తనాళాలు ముడుచుకుపోవడం వల్ల, లోపల పన్నుని పట్టుకున్న ఎముక మాత్రం కరిగిపోతూనే ఉంటుంది, బయటికి ఏమీ తెలీదు, ఒకరోజు పన్ను కదిలితే అప్పుడు వయసైపోయింది కదా అనుకుంటారు. చుట్ట తాగనివాళ్ళది ఇంకో రకం, బ్రష్ చేస్తే రక్తం వస్తోందని అక్కడ తోమడమే మానేస్తారు. పాచి మిగిలిపోయి చిగురు వాస్తేనే కదా ఆ రక్తం వచ్చేది, మానేస్తే పాచి గట్టిపడి గార అవుతుంది, ఇక బ్రష్‌కి పోదు, డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించుకోవాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయని భయపడొద్దండి, అప్పటికే వదులైన పన్నుని గార పట్టి ఉంచుతుంది అంతే. షుగర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి, చిగుళ్ళు చెడితే షుగర్ కంట్రోల్ అవదు, షుగర్ ఎక్కువైతే చిగుళ్ళు మానవు.

ఇచ్ఛాపురం వైపు గుడాకు ఉంది. పొగాకు, బెల్లం మడ్డి కలిపిన ముద్ద, పొద్దున్నే చిగుళ్ళకి రాసుకుంటారు. పంటి నొప్పికని ఎవరో ఇస్తే మొదలవుతుంది, కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తెలీదు, పిప్పి పన్ను అలాగే ఉంటుంది, అలవాటు మాత్రం వదలదు. టూత్‌పేస్ట్‌లో, పళ్ళపొడిలో పొగాకు కలపకూడదని 1992లోనే కేంద్రం నిషేధించింది, అయినా పళ్ళు తోముకునేదనే అనుకుని వాడుతున్నారు, కడుపుతో ఉన్న పిల్లలు కూడా వాడుతుంటే నాకు చాలా బాధేస్తుంది.

అంగన్‌వాడీలో నేను తల్లులకి పదేపదే చెప్పేది ఒకటుంది. ఆరేళ్ళప్పుడు చివర్లో ఒక దవడ పన్ను వస్తుంది, దానికోసం ఏ పాలపన్నూ ఊడదు, అందుకని అదీ పాలపన్నే అనుకుని పుచ్చిపోయినా వదిలేస్తారు. అది పోతే మళ్ళీ రాదమ్మా! రాత్రి పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం, గంటకోసారి బిస్కట్టు ఇవ్వడం కూడా మానాలి, ఎంత తీపి తిన్నారనే దానికన్నా రోజుకి ఎన్నిసార్లు తిన్నారనేదే పళ్ళకి ఎక్కువ చేటు.

నా విన్నపం ఏంటంటే, ముప్పై దాటినవాళ్ళకి ఊళ్ళల్లో చేసే స్క్రీనింగ్‌లో బీపీ, షుగర్‌తో పాటు నోరు చూడటం కూడా ఉంది. చాలాచోట్ల చుట్ట తాగుతావా అని అడిగి రాసుకుని వెళ్ళిపోతున్నారు. టార్చి వేసి అంగిలి, బుగ్గల లోపల, నాలిక కింద చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. తెల్ల మచ్చో ఎర్ర మచ్చో ఉన్నా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నా డెంటల్ డాక్టర్ ఉన్న ఆసుపత్రికి పంపాలి. జిల్లా వైద్యాధికారులు దీని మీద గట్టిగా చెప్పాలి, మీరు కూడా జిల్లా పేజీలో ఆ మచ్చలు ఎలా ఉంటాయో ఫోటోలతో వేస్తే చదవడం రానివాళ్ళు కూడా చూసి గుర్తుపడతారు.

ఒక అంగన్‌వాడీ కార్యకర్త,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా