పర్లాకిమిడి కొమ్ము బొమ్మల సైటు: చిన్నాకి ఉత్తరం

బరంపురం

ఒరే చిన్నా,

నువ్వు పంపిన డిజైను మొత్తం చూశానురా. మీ మావయ్య కొట్లోని కొమ్ము కొంగలకీ, రొయ్యలకీ, దువ్వెనలకీ ఓ సైటు కట్టాలన్న ఆలోచనే బంగారం. నల్లటి కొమ్ము మెరుపుకి ఆ లేత గోధుమ రంగు భలే అతికింది. కానీ తెలుగు రావాల్సిన చోటల్లా లోరెం ఇప్సం, అంటే చోటు నింపే ఉత్తుత్తి లాటిన్ మాటలు, పోసి పెట్టావు. ఒడియా రావాల్సిన చోటా అదే. పైగా పేజీ వెడల్పు 1440 పిక్సెళ్లు. మీ కొట్టు కోసం వెతికేవాళ్లు పలాసలోనో, గుణుపురంలోనో, ఇక్కడ బరంపురంలోనో చేతిలో ఫోను పట్టుకుని చూస్తారు. ఆ తెర వెడల్పు 360 పిక్సెళ్లు, చదివేది తెలుగో ఒడియానో. అంచేత ముందు అసలు మాటలు దగ్గర పెట్టుకో, వాటిని చిన్న ఫోన్లో పోసి చూడు, గీతలు ఆ తరవాత గీద్దువు గాని.

ఆ లాటిన్ మాటల్లో వత్తులుండవు, గుడులుండవు. నీ పేజీలో ఒకచోట "రాష్ట్రం" అని రాసి చూడు. ష కింద ట వత్తు, దానితో పాటు ర వత్తు కూడా. ఇంగ్లీషుకి సరిపోతోంది కదా అని లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.2 పెడితే పై వరుస వత్తులు వచ్చి కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. తెలుగు పేరాకి 1.6 నుంచి 1.8 దాకా ఉండాలి, శీర్షికలకైనా 1.4కి తగ్గించకు. నీ కార్డుల్లో పేరు పెట్టెకి ఎత్తు కట్టేసి, మిగిలింది దాచెయ్యమని ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టావు. అక్కడ "కొమ్ము" అని రాస్తే మ వత్తు సగానికి తెగి, అదేం మాటో తెలీకుండా పోతుంది. ఎత్తు కట్టెయ్యకు, పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇచ్చి వదిలేయ్. అక్షరం తనకి కావాల్సినంత చోటు తనే తీసుకుంటుంది. బటన్లకీ అంతే.

ఇక మాటలు ఎక్కణ్ణుంచి తేవాలి? మావయ్య దగ్గర పాత కరపత్రం ఉందన్నావు కదా. అది డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టింది అయితే ఆ ఫైల్లోంచి నేరుగా కాపీ కొట్టకు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఫాంటు తీసేస్తే మిగిలేది గుర్తుల గందరగోళం, దాన్ని వెతికేవాడు వెతకలేడు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చదవలేదు. ప్రతి అక్షరానికీ ఒక ఖాయమైన నంబరిచ్చే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. అయితే మార్చాక వాక్యం వాక్యం చదువుకో. క్ష, జ్ఞ, ర వత్తు ఉన్న మాటలు, దీర్ఘాలు, ఇవే ఎక్కువగా చెడతాయి. ఒడియాకి ఆకృతి ఫాంట్ల ఫైళ్ళొస్తే వాటికీ ఇదే జాగ్రత్త. నాలుగు పేజీల మాటలే కదా, తిన్నగా మళ్ళీ టైపు చేసుకోవడమే నయం.

టైపు చేసేటప్పుడు ఒక కనిపించని అక్షరం సంగతి చూసుకో. చిరునామాలో "బస్‌స్టాండ్ ఎదురుగా" అని ఉంటుంది కదా. అందులో మొదటి స్ కీ రెండో స్ కీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటేనే పొల్లు పొల్లుగా నిలబడుతుంది. అది లేకపోతే "బస్స్టాండ్" అని స కింద స, ట అన్నీ కుప్ప పడతాయి. దాని యూనికోడ్ నంబరు 200సి. కనబడదు కాబట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి అతికించేటప్పుడో, అనవసర ఖాళీలు తీసేసే టూలు వాడినప్పుడో జారిపోతుంది. "ఫేస్‌బుక్", "పోస్ట్‌మాన్" లాంటివి అచ్చయ్యే చోటల్లా తెర మీద ఓసారి చూసుకోవడమే మందు.

కోడు దగ్గరికి వద్దాం. కోడు రాసే వీఎస్ కోడ్ తెరిచి పేజీ హెడ్‌లో అన్నిటికన్నా ముందు రాయాల్సింది మెటా చార్‌సెట్, యూటీఎఫ్-8. అక్షరాలు బైట్లుగా ఎలా దాచారో బ్రౌజరుకి చెప్పేది అదే. బ్రౌజరు మొదటి 1024 బైట్లలోనే దాన్ని వెతుక్కుంటుంది, కింద ఎక్కడో రాస్తే లెక్కలోకి రాదు. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు పడతాయి. చార్‌సెట్ తప్పితే ఆ మూడూ విడివిడిగా మూడు గుర్తులై, నెత్తిన గీతున్న చిన్న ఏ, పక్కన డిగ్రీ సున్నా, ఇలా వరస కడతాయి. అది కనబడిందంటే జబ్బు ఫాంటుది కాదు, చార్‌సెట్‌ది. దాని తరవాత వ్యూపోర్ట్ మెటా, పేజీని తెర వెడల్పుకి సరిపెట్టమని చెప్పేది. ఇది మరిచిపోతే ఫోను నీ పేజీని 980 పిక్సెళ్ల పేజీ అనుకుని పరిచి, ఆనక కుదించి చూపిస్తుంది. అక్షరాలన్నీ ఆవగింజలైపోతాయి.

భాష గుర్తు కూడా పెట్టాలి. తెలుగుకి టీ, ఈ. ఒడియాకి ఓ, ఆర్. బళ్ళ నంబరు ప్లేట్ల మీద ఓఆర్ పోయి ఓడీ వచ్చింది కదా అని చాలామంది ఇక్కడా ఓడీ రాసేస్తారు. భాష కోడు మారలేదురా, ఓఆరే. ఈ గుర్తు సరిగ్గా ఉంటేనే స్క్రీన్ రీడరు ఒడియా వాక్యాన్ని ఒడియా గొంతుతో చదువుతుంది, నువ్వు సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపం రాసే చోట) ఒక్కో భాషకి ఒక్కో లైన్-హైట్, ఒక్కో సైజు ఇచ్చుకోగలుగుతావు. ఆ సైజుల తేడా చిన్నది కాదు. ఒకే 16 పిక్సెళ్లు ఇచ్చినా ఒక ఫాంటులో తెలుగు పెద్దగా, ఇంకో దాంట్లో ఒడియా చిన్నగా అనిపిస్తాయి. పక్కపక్కన పెట్టి కంటితోనే సరిచెయ్యి. తెలుగుకి 17, 18 పెట్టడానికి మొహమాటపడకు.

ఫాంట్ల దగ్గర కాస్త ఎక్కువ సేపు కూర్చో. మీ ఊరి సైటు కాబట్టి గూగుల్ ఫాంట్స్‌లో "గిడుగు" అన్న పేరు చూడగానే చెయ్యి దాని మీదకే పోతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పి, సవర భాషకి నిఘంటువు కూర్చిన మనిషి. ఆ ఫాంటు కొట్టు పేరుకి వాడుకో, చక్కగా ఉంటుంది. కాకపోతే అది ఒకే మందంలో వస్తుంది. "మండలి" కూడా అంతే. అలాంటి ఫాంటుకి బోల్డ్ ఇస్తే బ్రౌజరు ఉన్న గీతనే దొంగగా లావు చేస్తుంది, దాంతో థ పొట్టలో చుక్క పూడిపోతుంది, వత్తుల కన్నాలు మూసుకుపోతాయి. ఇటాలిక్ జోలికైతే అసలు పోకు. మన అక్షరాన్ని పక్కకి వంచితే నొక్కి చెప్పినట్టుండదు, పడిపోబోతున్నట్టుంటుంది. మాట నొక్కి చెప్పాలంటే రంగు మార్చు, లేదా నిజంగా బోల్డ్ ఉన్న ఫాంటు తీసుకో.

అసలు పాఠానికి నేను చెప్పేది "అనేక్". అనేక్ తెలుగు, అనేక్ ఒడియా, అనేక్ లాటిన్ ఒకే ఇంటి బిడ్డలు, గీత మందం ఒకలాగే ఉంటుంది. మూడు లిపులూ ఒకే పేజీలో పెట్టుకునే మనలాంటి సరిహద్దు ఊళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? అదే ఏక్ టైప్ వాళ్ళ "బలూ"లో తెలుగుదాని పేరు తమ్ముడు, ఒడియాదాని పేరు భాయినా. మన వీధుల్లో పిలుపులే అవి! కానీ అది బొద్దుగా ఉంటుంది, ధరల చీటీలకి బాగుంటుంది గానీ పేరాలకి బరువు. ఫాంట్-ఫ్యామిలీలో ఏ పేరు ముందు రాస్తే అంకెలు దాంట్లోంచే వస్తాయి, అది గుర్తుంచుకో. ఇంకోటి, ఫాంటు ఫైలు తేలిక చేద్దామని సబ్‌సెట్ చేసేటప్పుడు (అక్కర్లేని అక్షరాలు తీసేసేటప్పుడు) అక్షరాల్ని కలిపే లేఅవుట్ ఫీచర్లు కూడా తీసేశావా, వత్తులు కలవవు, "స్త్రీ" కాస్తా స్, త్, రీ అని విడిపోతుంది. అక్షరాలు తగ్గించుకో, ఫీచర్లు మాత్రం ముట్టుకోకు.

సవర లిపిలో ఒక స్వాగతం మాట పెట్టినా ఎంతో బాగుంటుంది. మంగెయి గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ అన్న ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది, గూగుల్ వాళ్ళ నోటో ఫాంట్లలో దానికి ఫాంటూ ఉంది. మాట మాత్రం ఆ లిపి తెలిసినవాళ్ళ చేతే రాయించు.

ఇక అమరిక. బాక్స్-సైజింగ్‌కి బోర్డర్-బాక్స్ మొదటి వరసలోనే పెట్టెయ్, ప్యాడింగూ గీతా వెడల్పులోనే కలిసిపోతాయి. లేకపోతే 300 వెడల్పు అన్న పెట్టెకి రెండు వైపులా 20 ప్యాడింగ్, ఒక్కో పిక్సెలు గీత కలిసి 342 అవుతుంది, ఎక్కడ పెరిగిందో తెలీక తల పట్టుకుంటావు. వస్తువుల వరసలకి గ్రిడ్ వాడావు, మంచిదే. కానీ కార్డు వెడల్పు కనీసం 160 అని పెట్టి, ఫోన్లో రెండేసి కార్డులు ఎందుకు రావట్లేదని అడిగావు. లెక్క చూడు. 360లో అటు 16, ఇటు 16 పోతే 328. రెండు 160లు, మధ్యలో సందు 12 కలిపితే 332. నాలుగు పిక్సెళ్లు చాల్లేదు, అందుకే గ్రిడ్ ఒక్కటే వరస కట్టింది. కనీసం 150 చెయ్యి, 312 అవుతుంది, హాయిగా పడతాయి.

మన మాటలకి ఇంకో గుణం ఉంది, ఒకదానికొకటి అతుక్కుని పొడుగవుతాయి. "కొనుగోలుదారులందరికీ" అని 32 పిక్సెళ్ల శీర్షికలో రాస్తే ఆ చిన్న తెరలో పట్టక పేజీ మొత్తం పక్కకి జరుగుతుంది. ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కి ఎనీవేర్ పెట్టు, పట్టని మాట మధ్యలో విరుగుతుంది, శీర్షిక సైజు ఫోన్లో 24కి దించు. అప్పటికీ, వస్తువుల్ని వరసలో సర్దే ఫ్లెక్స్ పెట్టెలో ఏదో అడ్డుపడుతుంటే దానికి మిన్-విడ్త్ సున్నా ఇవ్వు. ఫ్లెక్స్‌లో ఉన్న వస్తువు మామూలుగా తనలో ఉన్నదానికన్నా చిన్నదవడానికి ఒప్పుకోదు.

ధరలు లేత బూడిద రంగులో రాశావు, రంగు కోడు 999. తెల్ల కార్డు మీద దాని కాంట్రాస్టు 2.85 మాత్రమే, కావాల్సింది 4.5. 777 కూడా 4.48 దగ్గర ఆగిపోతుంది. 595959 పెట్టు, 7 వస్తుంది. ఎండలో ఫోను పట్టుకున్న పెద్దాయనకి ధర కనబడాలి కదా.

ఫోటోలు. కొమ్ము నిగనిగలాడుతుంది కాబట్టి ఫ్లాష్ వద్దు, తెల్లటి మచ్చ పడుతుంది. కిటికీ పక్కన పెట్టి, ఎదుటివైపు తెల్ల అట్ట నిలబెట్టు. ఫోను తీసిన బొమ్మ 4000 పిక్సెళ్ల వెడల్పుతో నాలుగు ఎంబీ దాకా ఉంటుంది. ఇరవై నాలుగు వస్తువులంటే 96 ఎంబీ, అంతసేపు ఎవరాగుతారు? బొమ్మల బరువు తగ్గించే స్క్వూష్‌లో వేసి వెబ్‌పీగా, క్వాలిటీ 75 దగ్గర, 480, 800, 1200 వెడల్పుల్లో మూడేసి చేసి సోర్స్‌సెట్‌లో ఇవ్వు, బ్రౌజరు తెరకి తగ్గది ఎంచుకుంటుంది. ఇమేజ్ ట్యాగ్‌లో వెడల్పూ ఎత్తూ రాయి, సీఎస్‌ఎస్‌లో ఎత్తు ఆటో పెట్టు. రాయకపోతే బొమ్మ దిగేసరికి కింద ఉన్నదంతా ఎగిరి పడుతుంది, వాట్సాప్ బటన్ నొక్కబోయిన వేలు ఇంకోదాని మీద పడుతుంది. లేజీ లోడింగ్ (అక్కడికి వచ్చాకే బొమ్మ దించడం) కింది బొమ్మలకే, పైన మొదటిదానికి వద్దు. బొమ్మ చూడలేనివాళ్ళకి చదివి వినిపించే ఆల్ట్‌లో "బొమ్మ 1" అనకుండా "గేదె కొమ్ముతో చేసిన కొంగ" అని రాయి. ఇది జింక కొమ్ము కాదు, పశువుల కొమ్మేనని పేజీలోనూ స్పష్టంగా ఉండాలి. 1972 వన్యప్రాణి చట్టం సంగతి తెలిసిన కొనుగోలుదారు ముందడిగేది అదే.

భాషలు మార్చే చోట జెండాలు పెట్టకు. ఏ భాష పేరు ఆ లిపిలోనే రాయి. ఒక్కో భాషకి ఒక్కో ఫోల్డరు, ఒక్కో చిరునామా. ఊరి పేరు మనం పర్లాకిమిడి అంటాం, కాగితాల మీద పరలాఖెముండి. వెతికేవాళ్ళు రెండూ కొడతారు, కాబట్టి చిరునామా పేరాలో రెండూ రానియ్యి. చిరునామానీ ధరల్నీ బొమ్మగా పెట్టకు, అక్షరాలుగానే ఉండాలి. వాట్సాప్ లింకులో నంబరుకి ముందు 91 ఉండాలి, ప్లస్సూ సున్నా ఉండకూడదు. ఫోను లింకులో మాత్రం ప్లస్ 91 పెట్టు.

సైటుని నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో ఎక్కించు, ఖర్చు లేదు. నీ విండోస్‌లో బాగా కనబడిన బొమ్మలు అక్కడ మాయమైతే ఫైలు పేర్లు చూడు. విండోస్‌కి పెద్ద అక్షరాల జేపీజీ, చిన్న అక్షరాల జేపీజీ ఒకటే, ఆ సర్వరుకి కాదు. అన్నీ చిన్న బడి ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీల బదులు హైఫన్‌తో పెట్టుకో. డొమైన్ (సైటు సొంత పేరు) కొంటే మావయ్య పేరు మీద, మావయ్య మెయిలుతోనే కొను. నువ్వు చదువుకి ఎక్కడికెళ్ళినా కొట్టు ఆయనది.

చివరగా, ల్యాప్‌టాప్‌లో బ్రౌజరు కిటికీ చిన్నది చేసి చూసి ఊరుకోకు. వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ నడుస్తుండగా ఫోనూ ల్యాప్‌టాపూ ఒకే వైఫైలో ఉంచి, ఫోన్లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసు కొట్టి చివర కోలన్ 5500 పెట్టు. తెరుచుకోకపోతే విండోస్ ఫైర్‌వాల్ అడ్డుకుంటున్నట్టే, ప్రైవేట్ నెట్‌వర్క్‌కి అనుమతివ్వు. ఆ ఫోను మీ అత్త చేతికిచ్చి దువ్వెన ధర వెతకమను, నువ్వు పక్కన కూర్చుని మాట్లాడకుండా చూడు. ఆవిడ వేలు ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకో.

ముందు ఆరు వస్తువులతో ఒక్క పేజీ, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి చెయ్యి. అవి ఎక్కించగానే లింకు పంపు, ఆ కాగితం కూడా ఫోటో తీసి పంపు.

అత్తకీ మావయ్యకీ నమస్కారాలు చెప్పు.

నీ స్నేహితుడు